మనసు నొప్పించని విశ్వవిద్యాలయం

“నేటి నుంచి మా విశ్వవిద్యాలయంలో మాట వల్ల ఎవరి మనసూ నొచ్చుకోదు” అని వైస్ ఛాన్సలర్ చక్రధర్ గారు తిరుపతి విలేఖరులను పిలిపించి, కాఫీ ఇప్పించి మరీ ప్రకటించారు. అందుకోసం సభ్యభాషా సంఘం వేశారు. హైదరాబాదు నుంచి ఆచార్య సుబ్రమణ్యం గారిని అధ్యక్షుడిగా రప్పించారు. రాసిపెట్టేవాడు ఒకడు కావాలి గనక, తెలుగు శాఖలో ఏళ్ల తరబడి టెంపరరీ లెక్చరరుగా నలుగుతున్న మునిచంద్రను కార్యదర్శిని చేశారు.

మునిచంద్ర పొంగిపోయాడు. వీసీ గారి కంట్లో పడితే ఉద్యోగం పర్మనెంటు అవుతుందని అతని ఆశ. గంటల లెక్కన వచ్చే జీతం వేసవి సెలవుల్లో రాదు. అప్పుడల్లా భార్య పంకజాక్షి నగరిలోని పుట్టింటి నుంచి బియ్యం తెప్పిస్తుంది. బియ్యంతో పాటు “అల్లుడింకా టెంపరరీనేనా?” అన్న మామగారి పరామర్శ కూడా వస్తుంది. పాపం, అది అరిగేది కాదు.

అధ్యక్షుల వారు కొండ మీద మొక్కు తీర్చుకుని, నేరుగా తొలి సమావేశానికి విచ్చేశారు. తల మీద గంధం ఇంకా ఆరలేదు.

“గుండు బాగుండాది సార్” అన్నారు వీసీ గారు, ప్రేమగానే.

అధ్యక్షుల వారి మనసు అక్కడికక్కడే నొచ్చుకుంది. దాంతో ఆ మాటను నిషేధిస్తూ తొలి తీర్మానం చేశారు. ఇకపై ‘కేశార్పణ చేసినవారు’ అనాలి. తిరుపతిలో ఇంతమందికి ఒక్క దెబ్బతో గౌరవం తెచ్చిన తీర్మానం మరొకటి లేదు.

మరుసటి వారం ‘ఫెయిల్’ పోయింది. ఫెయిలైన వాళ్లంతా ‘పాస్ కాబోయేవారు’ అయ్యారు. ఒక తండ్రి స్వీట్ల పెట్టెతో వచ్చి వీసీ గారికి శాలువా కప్పాడు. “మావాడు నాలుగోసారి పాస్ కాబోతున్నాడు సార్!” అని ఆనందం పట్టలేకపోయాడు.

ఆ ఊపులో, తర్వాతి సమావేశంలో మునిచంద్ర లేచి నిలబడ్డాడు.

“టెంపరరీ అనే మాట విన్నప్పుడంతా నా మనసు చివుక్కుమంటాది సార్” అన్నాడు గద్గదంగా.

సంఘం చలించిపోయింది. ఆ మాటను రద్దు చేసి, అలాంటివారిని ‘ఆత్మీయ అధ్యాపకులు’ అనాలని తీర్మానించింది. గుమాస్తాలు రికార్డులన్నీ బయటికి తీసి ఎక్కడికక్కడ దిద్దేశారు. మునిచంద్రకూ ఒక శాలువా దక్కింది.

“అయితే పర్మనెంటు అయినట్టేనా? మా నాయనకు ఫోన్ చేసేదా?” అని అడిగింది పంకజాక్షి.

“ఇంగ కొంచెమే ఉండాది. చెయ్యి” అన్నాడు.

నెల తిరక్కుండానే ప్రభుత్వం నుంచి ఉత్తర్వు వచ్చింది. టెంపరరీ లెక్చరర్లందరినీ పర్మనెంటు చేస్తాం, పేర్లు పంపండి అని. మునిచంద్ర వీసీ గారి గదికి పరుగెత్తాడు.

“మా పేర్లు పంపినారా సార్?”

“నిన్ననే జవాబు పోయిందప్పా! మా దగ్గర టెంపరరీలు ఒక్కరూ లేరని రాసినాను. రాష్ట్రంలో ఇట్లా రాయగలిగింది మనమొక్కరమే.”

“నేనుండాను కదా సార్!”

చక్రధర్ గారు నిజంగానే బాధపడ్డారు. “నిన్ను పట్టుకుని టెంపరరీ అని రాయమంటావా? నాకు చెయ్యెట్లా ఆడతాదప్పా?”

మునిచంద్రకు ఏడుపు ముంచుకొచ్చింది. వీసీ గారు లేచివచ్చి భుజం తట్టి, కుర్చీలో కూర్చోబెట్టి, తన కలమే చేతికిచ్చారు.

“మన దగ్గర టెంపరరీలే లేరన్న సంగతి రేపు పేపర్లో రావల్ల. నువ్వే రాయప్పా, నీ భాష బాగుంటాది.”

మునిచంద్ర రాశాడు. బాగానే వచ్చింది.