కిచెను–చికెను సమరము

గోదావరీతరంగశీతలమారుత పరిపూతమును, రైలుబొగ్గు ధూమావృతమును అయిన నాందేడు పట్టణమున, నైజాము ఏలుబడిలో, పార్సెలు గుమాస్తా అనంతరాములు ఒక్క మాట కోసం చేసిన సమరమును వినుడు, జనులారా!

రైలు క్వార్టరులో అతని వంటిల్లు కిటికీ లేని గుహ. పొగకు కళ్లు వాచిన భార్య భాగ్యవతి పక్షమున ఆ ధీరుడు ఇంజనీరు దొర ఎదుట నిలిచి, కిచెను అనవలసిన చోట చికెను అని, “మా కోడి నిండా పొగ, నా భార్య రోజూ అందులోనే ఏడ్చును” అన్న అర్థము వచ్చునట్లు ఆంగ్లమున మొరపెట్టెను. దొర ముద్ఖేడ్ స్టేషను దాకా నవ్వుతూ పోయెను. పొగ పోవుటకు గోడకు కన్నం మాత్రం పడలేదు. ఆ ముచ్చట విన్న దొరసాని మరునాడు స్వయంగా చూచుటకు వచ్చునట!

“భాగ్యవతీ, నీ కన్నీటి మీద ఆన! గీ జిహ్వను జయించనిదే అన్నం ముట్టను!”

“అయితే జల్ది జయించుండ్రి, చారు సల్లారుతున్నది.”

వీరుడు పొయ్యి పక్కనే సాధన మొదలుపెట్టగా, మడికట్టుకున్న ఇల్లాలు గరిటె ఝళిపించెను. “కోడి పేరు నా వంటింట్ల ఎత్తితే ఊకోను! గా మాట వాకిట్లకు పోయి అనుండ్రి!”

అంతట అనంతరాములు లోపల కిచెను, వాకిట చికెను, మళ్లీ లోపల కిచెను అనుచు పొద్దుగూకేదాకా గడపను అరగదీసెను. నాలుకకు దారి తెలిసెను.

మరునాడు శ్వేతచ్ఛత్రధారిణియైన దొరసాని, మడి ఇల్లని విని వాకిటనే నిలిచి, పొగ ఎక్కడని అడిగెను. వీరుడు నోరు తెరిచెను. అయ్యో, తానున్నది వాకిట్లో! అక్కడ అతని నాలుకకు కోడి తప్ప మరేదీ రాదు.

“ఏం జూస్తున్నరు? లోపలికి ఉరుకుండ్రి!” అని భాగ్యవతి కేకవేసెను.

పంచె ఎగగట్టి, గడప లంఘించి, ధూమసముద్రమున మునిగి, కన్నీరు ధారలు కట్టగా, దగ్గు గొంతును ముట్టడించగా, వెరవక వెనుదీయక ఆ మహావీరుడు సింహనాదము చేసెను: “కిచెన్!” వెంటనే పొగ బయటికి ఉరికి దొరసానిని కమ్మెను. ఆమె తుమ్ముతూనే తన వెంట వచ్చిన మేస్త్రీకి గోడ చూపెను.

ఆ సాయంత్రమే ఒక ఇటుక ఊడెను. భాగ్యవతి చాన్నాళ్లకు ఏడవకుండా పప్పుకు పోపు పెట్టి, మొగుణ్ణి చూసి మురిసిపోయెను. అంతలో ఆ కన్నంలోంచి పక్కింటి కోడి తల దూర్చెను. అనంతరాములు నోరు తెరవబోయి, పెదవులు బిగబట్టి, వాకిట్లోకి పరుగెత్తి, దిక్కులు పిక్కటిల్ల దాని పేరు చెప్పెను.

జయము అనంతరాములుకు! జయము ఇటుకంత కన్నమునకు!