ఐదు నిమిషాల పాటకు రెండు యాంప్లిఫయర్లు

పంపుల ఫ్యాక్టరీలో ఆయన్ని అందరూ రిజెక్టుగారనే పిలుస్తారు. అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఇంకెక్కడా కనబడదు. తనిఖీ బల్ల మీదికి వచ్చిన ప్రతి పంపునూ చిన్న చెక్క సుత్తితో మూడుసార్లు తట్టి, చెవి ఒగ్గి విని, రంగు కాస్త పలచబడినా సరే ఎర్ర చీటీ అంటించేస్తారు. "చంద్రుడొచ్చి ఈయన బల్లెక్కినా మచ్చ ఉందని వెనక్కి పంపేస్తాడ్రా" అంటారు ఫిట్టర్లు.

అంతటి మనిషీ గేటు దాటి బజార్లో పడ్డారంటే మాత్రం పూర్తిగా మారిపోతారు. సగం ధర అన్న మాట చెవిన పడితే చాలు, వస్తువేమిటో కూడా చూడరు. అలా కొన్న గొడుగొకటి తెరుచుకుంటుంది గానీ మూసుకోదు. గుమ్మంలో పట్టక అది వరండాలోనే కాపురం ఉంటోంది. "ఎంతకొచ్చిందో చెప్పుకోండి చూద్దాం!" అని వచ్చినవాళ్లందరికీ దాన్ని ఇప్పటికీ చూపిస్తుంటారు.

ఆయన భార్య బళ్లో లెక్కల టీచరు. లెక్కలెంత బాగా చెబుతుందో పాట అంతకన్నా బాగా పాడుతుంది. కానీ గొంతులో చిన్న కంతి లేచి, ఆపరేషనై, ఎనిమిది నెలలుగా పాట సంగతి అటుంచి పిల్లల మీద గట్టిగా కేకెయ్యడానికి కూడా వీల్లేకపోయింది. ఇన్నాళ్లకు డాక్టరు "ఇక పాడుకోవచ్చమ్మా" అన్నాడు. బడి వార్షికోత్సవంలో ఒక్క పాట పాడతానని ఆవిడ ఒప్పుకుంది. పక్కన గిటారు వాయించేది మొగుడుగారే.

"ఏవండీ, ఒక్క మాట" అంది ఆవిడ. "ఆ రోజు నాకు చాలా భయంగా ఉంటుంది. మధ్యలో మీ గిటారు ఆగిందంటే నా గొంతూ ఆగిపోతుంది. ఒకసారి అందరి ముందూ ఆగిపోతే మళ్లీ పాడే ధైర్యం నాకు రాదు."

"నేనుండగా ఎలా ఆగుతుందోయ్?"

"మీరుంటారు. యాంప్లిఫయర్ ఉండద్దూ? పాతది ఎప్పుడో చచ్చిపోయింది. మూల మీద కొట్లో గాజు ట్యూబులది ఒకటుంది చూడండి, దాని శబ్దం మెత్తగా ఉంటుంది, నా గొంతును తొక్కెయ్యదు. ఇదిగో డబ్బు. అదే తెండి. చవకది వద్దు."

"చవకది నేనెప్పుడైనా తెచ్చానా?"

ఆవిడ వరండా వైపు చూసింది.

మూల మీది వాద్యాల కొట్టు గ్యారంటీ బాబాయిది. గ్యారంటీ అనకుండా ఆయన ఒక్క వాక్యం కూడా పూర్తిచెయ్యలేడు. సాయంత్రం రిజెక్టుగారు వెళ్లి ఆ యాంప్లిఫయర్‌కి గిటారు తగిలించి వాయించి చూశారు. లోపల ట్యూబులు ఎర్రగా వెలిగాయి. శబ్దం వెన్నలా ఉంది. వంక పెట్టడానికి లేదు.

"ఎంతకిస్తావ్ బాబాయ్?"

బాబాయి చెప్పాడు. రిజెక్టుగారు గిటారు పక్కన పెట్టి కుర్చీలో కూర్చున్నారు.

"ఏమైనా తగ్గించకూడదూ?"

"దమ్మిడీ తగ్గదు. గ్యారంటీ."

మర్నాడు భోజనాల వేళ ఫోన్లో వెతుకుతుంటే అచ్చం అలాంటిదే కనబడింది. అవే ట్యూబులు, అదే ఎర్రటి వెలుగు, ధర మాత్రం మూడో వంతు! రిజెక్టుగారిలో ఇద్దరు మనుషులు లేచి కూర్చుని కొట్లాటకు దిగారు. "ఊరూ పేరూ లేని కంపెనీ, నమ్మకమేముంది?" అన్నాడు తనిఖీ చేసేవాడు. "పాట ఐదు నిమిషాలేరా బాబూ! ఐదు నిమిషాల పాటకు రెండేళ్ల గ్యారంటీ కొనడమంటే దోసెడు నీళ్లకు ట్యాంకరు తెప్పించుకోవడం" అన్నాడు బేరాలవాడు.

సరే, కొన్నవాళ్లు ఏమన్నారో చూద్దామని కిందకు జరిపారు. "చాలా బాగుంది, ఇంకా పెట్టె తెరవలేదు" అని రాశాడొకాయన. "వెలుతురు చక్కగా వస్తోంది, మా ఆయన దీని పక్కన కూర్చుని పేపరు చదువుకుంటున్నారు" అని రాసిందొకావిడ. అందరూ సంతోషంగానే ఉన్నారు కదా అని రిజెక్టుగారు కొనే బటన్ నొక్కేశారు.

పెట్టె ఫ్యాక్టరీకే వచ్చింది. అలవాటు చొప్పున దాన్ని తనిఖీ బల్ల ఎక్కించి, వెనక మూత విప్పి, ఒక్కో గాజు ట్యూబునూ చెక్క సుత్తితో మూడేసిసార్లు తట్టారు. టింగ్ మంది. ఫిట్టర్లు ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. "పాస్!" అన్నారు రిజెక్టుగారు. ఆయన నోట ఆ మాట విని చాలాకాలమైందేమో, ఒకాయన చప్పట్లు కూడా కొట్టాడు.

"గ్యారంటీ కాగితమేదండీ?" అంది భార్య, ఇంటికి రాగానే.

"బాబాయే పెద్ద గ్యారంటీ, మళ్లీ కాగితమెందుకులే అన్నాన్నేను."

"అలాగా" అని ఆవిడ పరీక్ష పేపర్లు దిద్దుకోవడానికి వెళ్లిపోయింది. లెక్కల టీచరు 'అలాగా' అందంటే లెక్క ఎక్కడో తప్పిందని బళ్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. మొగుడుగారికే తెలియదు.

స్విచ్చు వెయ్యగానే తేనెపట్టు కదిలినట్టు ఝుమ్మని మోత మొదలైంది. ఆ మోతలోంచి ఒక గంభీరమైన గొంతు వినబడింది. "వంకాయ ధర నిలకడగా ఉంది. టమాటా మాత్రం..."

పక్కగదిలోంచి అత్తగారు పరుగున వచ్చింది. "అల్లుడుగారూ, రేడియో కొన్నారా! నా మనసులో మాట ఎలా కనిపెట్టారు బాబూ? కాస్త పెంచండి, వాన సంగతి చెబుతాడేమో" అంటూ కుర్చీ లాక్కుని యాంప్లిఫయర్ ముందు కూర్చుంది.

అది రేడియో కాదని చెబుదామని ఆయన ఒక్కడుగు వేశారు. టింగ్! ఇంకో అడుగు వేశారు. టింగ్! వంటింట్లో గరిటె జారి పడితే ఇల్లంతా గంట కొట్టినట్టు మోగింది. ఆ మోత మధ్యే భార్య వచ్చి నిలబడి మెల్లగా పాట ఎత్తుకుంది. రెండో చరణానికి వచ్చేసరికి తీరప్రాంతాలకు హెచ్చరిక మొదలైంది.

"ఏవండీ, నా పాటలో తుఫాను ఎక్కడొస్తుందో ముందే చెప్పండి. అక్కడ ఆగుతాను."

"కొత్తది కదుటోయ్! సర్దుకోవడానికి టైం పడుతుంది. కొత్త చెప్పు కరవదూ?"

"కరుస్తుంది. వార్తలు చదవదు."

మర్నాడు పొద్దున్నే రిజెక్టుగారు దాన్ని మాసిన బట్టల సంచిలో కుక్కి భుజాన వేసుకున్నారు.

"ఎక్కడికండీ?"

"లాండ్రీకి."

"సంచి అంత బరువుగా ఉందేం?"

"బట్టలు తడిగా ఉన్నాయిలే."

"ఉతక్కముందే తడిశాయా?"

"చెమటోయ్, చెమట!" అంటూ ఆయన మెట్లు దిగి మూల మీది కొట్టు చేరుకున్నారు. ఊళ్లో ట్యూబుల సంగతి తెలిసినవాడు బాబాయి ఒక్కడేనాయె.

బాబాయి మూత విప్పి, కళ్లజోడు సర్దుకుని, చాలాసేపు లోపలికి చూశాడు. "ఇది మా కొట్లోది కాదు, గ్యారంటీ."

"నాది కాదు బాబాయ్. స్నేహితుడిది."

"మీ స్నేహితుడు దీన్ని సుత్తితో కొట్టాడు, గ్యారంటీ."

రిజెక్టుగారు గోడకున్న వీణ వైపు చూడసాగారు.

"గాజు లోపల వెంట్రుకంత తీగెలుంటాయి. తడితే కదిలి, ఇదిగో, ఇలా ప్రతిదానికీ టింగుమంటాయి. కొట్టడానికి ఇదేమన్నా పంపా? సరే, ఈ ట్యూబు మారుస్తా. వైర్లు సర్దుతా, వార్తలు ఆగుతాయి. కానీ లోపలి ట్రాన్స్‌ఫార్మర్ చూడండి, ఎలకపిల్లంత. మొయ్యాల్సిందేమో ఏనుగు బరువు. ధర అంత తగ్గిందంటే లోపల ఏదో తగ్గినట్టే కదా! అరగంట దాటితే చేతులెత్తేస్తుంది. గ్యారంటీ."

"నాకు ఐదు నిమిషాలు చాలు."

"మీకా? మీ స్నేహితుడికా?"

"వాడికే, వాడికే! బాబాయ్, ఇంట్లో మాత్రం..."

"చస్తే చెప్పను. గ్యారంటీ."

ఆ వారంలో రిజెక్టుగారు మూడుసార్లు లాండ్రీకి వెళ్లారు. మూడో వంతు ధరకు కొనగా మిగిలిన రెండు వంతులూ అక్కడే ఖర్చయిపోయాయి.

శుక్రవారం సాయంత్రం సాధన చేస్తుంటే ఆవిడ గొంతు పై స్వరం దగ్గర బీటవారింది. ఆవిడ ఆగిపోయి గొంతు మీద చెయ్యి పెట్టుకుని కూర్చుంది. "రేపు కూడా ఇలాగే అయితేనండీ?" అంది. ఆపరేషనైన కొత్తలో మాట్లాడకూడదని పలక మీద రాసి చూపిస్తూ, రాయలేనివి కళ్లతో అడుగుతూ ఉండేది. అచ్చం ఆ చూపే చూసింది. రిజెక్టుగారు చెప్పేద్దామని నోరు తెరిచారు. "ఏం కాదులేవోయ్" అన్న మాటే వచ్చింది.

శనివారం కొట్టు తలుపు తీసీ తియ్యకముందే ఆయన అక్కడ నిలబడి ఉన్నారు. జేబులో రాత్రికి రాత్రే తన చేతివాచీ అమ్మగా వచ్చిన డబ్బుంది.

"బాబాయ్, ఆ మంచిది ఇచ్చెయ్. నువ్వు చెప్పిన ధరకే. బేరం లేదు."

బాబాయి చేతిలోని తాళంకప్ప కింద పడింది. "అమ్ముడైపోయింది బాబూ" అన్నాడు. పాపం, ఈసారి గ్యారంటీ అనడం కూడా మరిచిపోయాడు.

వార్షికోత్సవంలో వాళ్ల పాటకు ముందు హెడ్మాస్టరుగారి ప్రసంగం. ట్యూబులు వేడెక్కాలి కదా అని రిజెక్టుగారు స్విచ్చు వేసి తెర పక్కన నిలబడ్డారు. "రెండే రెండు మాటలు" అంటూ మొదలుపెట్టారు హెడ్మాస్టరుగారు. పది నిమిషాలైంది. ఇరవై అయింది. బడికి పునాది రాయి వేసినప్పటి వాన దగ్గరికి వచ్చారు. ఆపేద్దామా అంటే, స్విచ్చు కట్టేస్తే ఆ చప్పుడు హాలంతా ఢామ్మంటుంది. రిజెక్టుగారు కార్యక్రమం కాగితంతో యాంప్లిఫయర్‌కి విసరసాగారు. "మీకు ఉక్కగా ఉందా సార్?" అనడిగింది పక్కనున్న డ్రాయింగు టీచరు.

నలభై నిమిషాలకు రెండు మాటలూ పూర్తయ్యాయి. లెక్కల టీచరు మైకు ముందుకొచ్చి నిలబడింది. రిజెక్టుగారు అందరు దేవుళ్లనూ తలుచుకుని తీగె మీటారు. యాంప్లిఫయర్ కుయ్యోమంది. వెనకనుంచి సన్నగా పొగ లేచింది. తర్వాత ఇంకేమీ లేదు.  భూమి రెండుగా చీలితే బాగుండుననుకున్నారాయన. ఆవిడ వైపు చూసే ధైర్యం కూడా లేకపోయింది.

"అయిందా?" అంది ఆవిడ మెల్లగా, పరీక్ష రాయడం అయిందా అని పిల్లల్నడిగినట్టు.

"అ... అయింది."

"సరే." ఆవిడ తెర వైపు తిరిగింది. "బాబాయ్!"

తెర వెనకనుంచి గ్యారంటీ బాబాయి చక్రాల బల్ల తోసుకుంటూ వచ్చాడు. దాని మీద కొట్లోని యాంప్లిఫయర్ అప్పటికే వేడెక్కి ఎర్రగా వెలుగుతోంది. రిజెక్టుగారు నోరు తెరిచారు.

"తర్వాత" అంది భార్య. "ముందు వాయించండి."

ఆయన వాయించారు. ఆవిడ పాడింది. మొదటి చరణం కాస్త వణికింది. పై స్వరం దగ్గరకొచ్చేసరికి నిన్నటిలాగే గొంతు బీటవారి ఆగింది. రిజెక్టుగారు మీటిన తీగెను వదల్లేదు. ఆ ట్యూబుల్లోంచి స్వరం తగ్గకుండా, తెగకుండా అలాగే నిలబడింది. ఆవిడ ఊపిరి తీసుకుంది, ఆ స్వరాన్నే పట్టుకుని మళ్లీ ఎక్కింది. ఈసారి గొంతు నిలిచింది. హాలు చప్పట్లతో మారుమోగింది. ముందు వరసలో అత్తగారు ముక్కు చీదుతోంది.

అందరూ వెళ్లాక రిజెక్టుగారు తెర వెనక స్టూలు మీద కూలబడ్డారు.

"ఎప్పుడు కొన్నావ్?"

"మీకు డబ్బిచ్చిన రోజు పొద్దునే."

"మరి నాకెందుకిచ్చావ్?"

"దీన్ని ఇంటికి తెస్తే మర్నాడే వెనక్కిచ్చేసి సగం ధరలో ఇంకోటి తెచ్చేవారు. పోయినేడు నేను కొన్న ఫ్యాను ఏమైంది చెప్పండి? అందుకే దీన్ని బాబాయి దగ్గరే ఉంచి, మీ బేరం మిమ్మల్ని ఆడుకోమన్నాను."

"ఆ రోజు నేను నిజంగానే దీన్ని కొంటానంటే?"

"నా డబ్బు నాకు తిరిగిచ్చేవాడు. ఆ భయం మా ఇద్దరికీ లేదులెండి. కానీ ఇవాళ పొద్దున్న వచ్చి చెప్పిన ధరకే అడిగారటగా? నాకు ఫోన్ చేసి, మీ ఆయనకు ఒంట్లో బాగుందా అమ్మా అన్నాడు."

రిజెక్టుగారు తల దించుకున్నారు. అయినా ఉండబట్టలేక అడిగారు. "ఇంతకీ నీకెంతకిచ్చాడు?"

"చెప్పినంతకే."

"తగ్గించమని అడగనైనా అడగలేదూ?"

"ఆస్పత్రిలో బిల్లు చేతికిచ్చినప్పుడు మీరు అడిగారా?" అంది ఆవిడ. "మంచం మీదినుంచి చూస్తూనే ఉన్నాను. పెళ్లయిన ఇన్నేళ్లలో మీరు మారుమాట లేకుండా డబ్బు కట్టడం అదొక్కసారే చూశాను. నా గొంతు దగ్గరికొచ్చేసరికి మీరు ధర చూడలేదు. మీ గిటారు దగ్గరికొచ్చేసరికి నేను చూస్తానా?"

రిజెక్టుగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. పెట్టుకున్నారు. మళ్లీ తీశారు.

"చెప్పిన ధరకే కొన్నావు కదూ..." అన్నారు చివరికి. "మంచిపని చేశావోయ్. నీ దయవల్ల గట్టెక్కాను."

ఆ మాట అనడానికి ఆయనకు పెద్ద కష్టం కూడా కలగలేదు.