సాదలిలో సముద్రం

ఆదివారం పొద్దున మోహన్‌కుమార్ కంప్యూటర్ తెరిచేసరికి సముద్రం మాయమైపోయి ఉంది.

అల లేదు, నురగ లేదు. ఒడ్డుకు ఆవల ఇస్త్రీ చేసిన నీలం గుడ్డ పరిచినట్టు ఏదో ఉంది. చెట్లకు నీడల్లేవు. గేమ్‌లో అతను నడిపించే గుర్రపు రౌతుకూ నీడ లేదు. పది గంటలకు మంజుశ్రీ ఫోన్ చేస్తుంది. ఈ వారం ఆ ఒడ్డునున్న దీపస్తంభం దాకా వెళ్ళాలని ఇద్దరూ అనుకున్నారు.

మంజుశ్రీ అతని భార్య. పెళ్ళిపందిరి విప్పకముందే ఆమెకు బీదర్ దగ్గర ప్రభుత్వ హైస్కూలులో ఉద్యోగం వచ్చింది. రాష్ట్రానికి అది ఆ కొస, వీళ్ళ ఊరు సాదలి ఈ కొస. బదిలీ అర్జీ ఏ బీరువాలో నిద్రపోతోందో ఎవరికీ తెలియదు. అందుకని ప్రతి ఆదివారం ఇద్దరూ సముద్రానికి వెళ్ళేవారు. గేమ్ ఇతను ఆడుతూ వీడియో కాల్‌లో తన తెర చూపించేవాడు; ఆమె లేని రోజుల్లో దాన్ని తెరిచేవాడు కాదు. ఆమె అక్కడ అద్దెగదిలో గోడకు ఆనుకుని, "ఆ కొండెక్కు. కొంచేపు ఆడనే కూర్చో" అని చెబుతుండేది. ఆలుమగలు కలిసి నిజంగా చూసిన ఊళ్ళకంటే ఆ గేమ్‌లో చూసినవే ఎక్కువ.

ఆ సముద్రం ఊరికే రాలేదు. కంప్యూటర్ మధ్యరకంది, గేమ్ రాకాసిది. అన్నీ హైలో పెడితే గుర్రం నత్తలా నడిచేది. బోరులో ఉన్న కాసిని నీళ్ళు మడిమడికీ పంచినట్టు, నీడల దగ్గర కోసి, గడ్డి దగ్గర తగ్గించి, మిగిలిన శక్తంతా అలలకు మళ్ళించాడు. నెలల తరబడి పని. ఇప్పుడు చూస్తే సెట్టింగులన్నీ అట్టడుగున ఉన్నాయి.

"నాయనా! నా కంప్యూటర్ ఎవురు ముట్టుకున్నారు?"

పక్కనున్న పురుగుల ఇంట్లోంచి బయ్యప్ప తల బయటపెట్టాడు. పట్టుపురుగులు నాలుగో జ్వరం లేచి, అంటే నాలుగోసారి పొర విడిచి, గూడు కట్టే ముందటి ఆకలిమీద ఉన్నాయి. "వీటికి ఆకేసేకే తీరిక లేదు. నీ పెట్టె ముట్టుకోని నేనేం చేసేదప్పా?"

"సముద్రం పోయింది నాయనా. నీడలు గూడా లేవు."

జయలక్ష్మమ్మ వంటింట్లోంచి అట్లకాడతో పరుగెత్తుకొచ్చింది. "ఎవురికిరా నీడ లేంది?"

"గుర్రం మీదోనికమ్మా."

"నీడ లేనోడు ఇంట్లో తిరుగుతా ఉంటే మంచిది కాదప్పా! ఉండు, మిరపకాయలు దిగదీసి పొయ్యిలో వేస్తా."

"ఆ పొగకు నా పురుగులు చస్తాయి!" అని బయ్యప్ప కేక పెట్టాడు. "ఆ గుర్రమోడు మనకేమన్నా అల్లుడా? పోతే పోనీ!"

దిష్టి తీయడం ఆగింది. మోహన్‌కుమార్ పాత లెక్క గుర్తుచేసుకోబోయాడు. గడ్డి పెంచితే కొండ వణికింది, కొండ తగ్గిస్తే ఆకాశం చీలింది. ఎవరో చెప్పినట్టు గ్రాఫిక్స్ డ్రైవర్ కొత్తది ఎక్కిస్తే ఉన్నదీ పోయింది. గడియారం చూసి, విసిగి, మీటలన్నిటినీ ఒక్కసారిగా అల్ట్రాకు తోసేశాడు.

సముద్రం వచ్చింది. ఉప్పువాసన ఒక్కటే తక్కువ. కాకపోతే ఒక అల లేచి పడేలోగా జయలక్ష్మమ్మ దోసె తిరగేసింది. పెట్టెలో ఫ్యాన్ పిండిమరలా అరవసాగింది.

ఆ మోతకు బయ్యప్ప మళ్ళీ వచ్చాడు. "ఎంత వేడి ఉండాదిరా దీంట్లో?"

"తొంభై డిగ్రీలు నాయనా."

"తొంభయ్యా! ఆ ఇంట్లో ఇరవై ఆరయితేనే నాకు కూడు దిగదు. జీవి ఉడికి చచ్చిపోతాది కదరా!"

పట్టుపురుగులతో ముసలివాడైన మనిషికి వేడి అంటే ఒకటే అర్థం. మోహన్‌కుమార్ ఆ మాట పట్టించుకోలేదు. కొంచెం ఆలస్యమవుతుందని మంజుశ్రీకి మెసేజ్ పంపడానికి సిగ్నల్ వెతుక్కుంటూ మిద్దెక్కాడు.

దిగి వచ్చేసరికి గది నిండా తడి గోనెపట్టలు వేలాడుతున్నాయి. పురుగుల ఇంట్లోని కూలర్ తెచ్చి పెట్టెకు ఎదురుగా పెట్టారు. నేలంతా నీళ్ళు. బయ్యప్ప పల్చటి గుడ్డమూట దులుపుతూ గదంతా తెల్లటి పొడి చల్లుతున్నాడు.

"ఏంది నాయనా అది?"

"సున్నం. తేమ ఎక్కువైతే రోగం తగులుకుంటాదని చల్లుతాండా. పుణ్యానికి చేస్తాండానప్పా, అట్ల చూడొద్దు."

పిండిమరలాంటి ఫ్యాన్ ఆ సున్నాన్నంతా ఒక్క గుక్కలో పీల్చుకుంది. పెట్టె దగ్గింది. వెనకనుంచి తెల్లటి మేఘం వదిలింది. లేచిన అల లేచినట్టే నిలబడి, నల్లబడి, ఆరిపోయింది. వెంటనే ఇంట్లో కరెంటూ పోయింది.

బయ్యప్ప పెట్టె మీద చెయ్యి పెట్టి చూసి, తృప్తిగా తలూపాడు. "చూడు, ఎట్ల చల్లబడిందో."

మంజుశ్రీ ఫోన్ వచ్చింది. మోహన్‌కుమార్ సిగ్నల్ అందే మిద్దె మెట్టు మీద కూలబడి మాట్లాడాడు.

"మంజూ, దీపస్తంభం ఈ పొద్దు లేదు. ఇంక ఎప్పుడో గూడా తెలీదు. వారమంతా దీనికోసరమే చూస్తాంటి. పొద్దున్నే చూస్తే ఎవురో సెట్టింగులన్నీ చెరిపేసిండారు. నేను నాయన మీద ఎగిరినా. ఆయప్ప నా మంచికని పెట్టెకు సున్నం కొట్టినాడు." జరిగిందంతా చెప్పాడు.

అటువైపు నవ్వు మొదలై మధ్యలోనే ఆగిపోయింది. బీదర్‌లో ఎవరిదో ప్రెషర్ కుక్కర్ విజిల్ వేసింది.

"మామను ఏమనొద్దప్పా. చెరిపింది నేను. పోయిన వారం వచ్చినప్పుడు, నువ్వు ఆటో పిలిచేకి పోతివి కదా, అప్పుడు అన్నీ కిందికి దించేసి వచ్చినా. నువ్వు హై పెట్టినా లో పెట్టినా నా ఫోన్లో ఆ సముద్రం అరచెయ్యంత. నేను చూసేది మూలలో చిన్నగా కనపడే నీ మొగాన్ని. నువ్వేమో నా పక్కకు తిరగనే తిరగవు, అలలే చూస్తాంటావు. అది పాడైతేనన్నా బస్సెక్కి వస్తావనుకుంటి. సున్నం కొడతారని అనుకోలేదు."