గుండె గీతల అంచు

ఆ రోజు ఉదయం హనుమంతప్ప పెట్టుకున్న పనులు రెండే. ఒకటి, తన గుండె కాగితాన్ని అనంతపురం డాక్టరుకు ఫోన్లో పంపించడం. రెండు, తాను కొత్తగా గీసిన చీర అంచును షావుకారు చంద్రమోహన్‌కు ఫోన్లో పంపించడం. రెండూ అయిపోతే ఎండెక్కకముందే మగ్గంలో కూర్చోవచ్చు. ధర్మవరంలో మగ్గం ఉన్నవాడికి అంతకంటే పెద్ద ఆలోచన ఉండదు.

గుండె కాగితం దాకా వ్యవహారం రావడానికి కారణం అతని భార్య సుబ్బలక్ష్మమ్మ. కొన్నాళ్లుగా నేస్తూ నేస్తూ ఉండగా అతని ఎడమ రొమ్ము పట్టేస్తోంది. ఎవరికీ చెప్పలేదు. వాళ్ల నాయన మగ్గంలోనే, పోగు నడిపే నాడె చేతిలో ఉండగానే ఒరిగిపోయాడు. ఆ సంగతి తలుచుకుంటే హనుమంతప్పకు భయం, బయటికి చెబితే ఇంకా భయం. కానీ మగ్గం చప్పుడు మాటిమాటికీ ఆగుతుంటే వంటింట్లో ఉన్న మనిషికి తెలియకుండా ఉంటుందా? చెయ్యి పట్టుకుని ఆసుపత్రికి లాక్కుపోయింది.

పేటలో ఉన్నది చిన్న ఆసుపత్రి. నర్సు సునంద అతని రొమ్ముకు వైర్లు తగిలించి, గులాబీ రంగు గళ్ల కాగితం మీద గీతలు తీసింది. "ఈడ గుండె డాక్టరు లేడన్నా. ఈ నంబరుకు వాట్సాప్ చెయ్యి. అనంతపురంలో సారు చూసి, ఏం చేయాల్నో దాంట్లోనే చెప్తాడు" అని నంబరు రాసిచ్చింది.

హనుమంతప్పది బటన్ల ఫోను. మాట్లాడటం, వినడం తప్ప దానికి వేరే విద్య రాదు. ఆ వీధిలో టచ్ ఫోను ఉన్నది ఎదురింటి నూర్ అహమ్మద్‌కు. మగ్గం మీద తిరిగే అట్టలకు డిజైను ప్రకారం బెజ్జాలు కొట్టడం ఆయన పని. షావుకారుతో డిజైన్లు నడపడానికి కొన్న ఆ ఫోను పుణ్యాన వీధికంతటికీ గ్యాసు బండలు, రేషన్ కబుర్లు, ఆసుపత్రి కాగితాలు ఆయన చేతి మీదుగానే నడుస్తున్నాయి. అందులో పేర్లన్నీ ఇంగ్లీషులో ఉంటాయి కాబట్టి ఆయన పేర్లు చూడడు, చోటు చూస్తాడు. అన్నిటికంటే పైన ఉన్నది షావుకారు. దాని కింద ఉన్నవాళ్లు మిగతా ప్రపంచం.

"నీ గుండె ఒకటి, నీ అంచు ఒకటి. రెండూ ఈడ పెట్టు హనుమంతన్నా" అన్నాడు నూర్ అహమ్మద్. ముందుగా డాక్టరు నంబరు కొట్టి మర్యాదగా ఒక దండం బొమ్మ పంపాడు. తర్వాత రెండు కాగితాలకూ ఫోటోలు తీసి, అలవాటు ప్రకారం అంచును పైనున్న చోటికీ, గుండెను దాని కింది చోటికీ పంపాడు. దండం పెట్టించుకున్న డాక్టరు పైకెక్కి కూర్చున్నాడనీ, షావుకారు ఒక మెట్టు కిందికి దిగాడనీ ఆయన గమనించలేదు. నేతగాళ్లు అంచు గీసుకునేదీ గళ్ల కాగితం మీదే కాబట్టి, ఫోటోలు చూసినా పెద్దగా తేడా తెలియలేదు. ఆ విధంగా అంచు డాక్టరుకూ, గుండె షావుకారుకూ చేరాయి.

ముందు షావుకారు గొంతు వచ్చింది. నూర్ అహమ్మద్ ఆ మెసేజీని వీధి మధ్యలో నిలబడి అందరికీ వినిపించాడు. "ఏమప్పా నూరూ, ఈ అంచు యాడ పట్టినాడప్పా హనుమంతప్ప? శానా కొత్తగా ఉండాది! లేసేది లేస్తాంటే, నడుమ ఒక చోట మెల్లగా కిందికి జారతాండాది చూడూ, అదే అందం దీనికి. మార్చొద్దు. అట్టలు కొట్టేయ్!"

హనుమంతప్ప సంతోషించాడు గానీ, ఒక పక్క అనుమానం. "నేను గీసింది గుళ్ల వరస కదా నూరన్నా. దాంట్లో జారేది యాడుండాది?"

"షావుకారికి నచ్చిందంటే ఎందుకు నచ్చిందని అడుగుతారా ఎవరైనా?" అన్నాడు నూర్ అహమ్మద్. అదీ నిజమేననిపించి హనుమంతప్ప మగ్గం దగ్గరికి బయలుదేరాడు.

గడప దాటకముందే ఫోను మళ్లీ మోగింది. ఈసారి డాక్టరు. గొంతు కాదు, రాత. అదీ ఇంగ్లీషు రాత. ఇంగ్లీషంటే ఆ వీధిలో ఆటో ఓబుళేసు. పది దాకా చదివాడు, పది మాత్రం దాటలేదు. ఆటో పక్కకు తీసి, ఫోను అందుకుని, కనుబొమలు ముడిచి, తనకు పరిచయమున్న మాటల కోసం వెతికాడు.

"నాట్ అని ఉండాది" అన్నాడు చివరికి. "నాట్ అంటే లేదు అని."

"ఏం లేదంట?" అంది సుబ్బలక్ష్మమ్మ.

"దాని పక్కనే ఈసీజీ అని ఉండాది వదినా. లేనిది ఏందో సరిగ్గా తెలీడంలే."

"గుండె తీసిన కాగితంలో లేకుండా పోయేదానికి గుండె గాక ఇంకేముంటాదిరా?"

"అదేమో గానీ, కడాన అర్జెంట్ అని ఉండాది. అది మాత్రం ఖాయం."

హనుమంతప్ప చెయ్యి తనంతట తానే రొమ్ము మీదికి పోయింది. లోపల కొట్టుకుంటూనే ఉంది, మామూలుకంటే గట్టిగానే. నూర్ అహమ్మద్ డాక్టరుకు ఫోన్ చేశాడు. ఎత్తలేదు. మళ్లీ చేశాడు. కట్ చేశారు. సునంద పల్లెలకు సూదులు వేయడానికి పోయిందని ఎవరో చెప్పారు, ఆమెకు చేస్తే సిగ్నల్ లేదు. "ఎత్తడంలే అంటే, నోటితో చెప్పలేక" అని ఎవరో అన్నారు. ఆ మాట వీధి చివరికి పోయేసరికి 'డాక్టరు చేతులెత్తేసినాడంట' అయింది.

మగ్గాలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. పక్కింటి సిద్దమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని వచ్చి, "ఎంత మంచి మనిషమ్మా, ఒకర్ని ఒక మాట అనెరగడు" అని మొదలుపెట్టింది.

"ఇంకా ఈడనే ఉండా సిద్దమ్మా" అన్నాడు హనుమంతప్ప.

సుబ్బలక్ష్మమ్మ ఇవేవీ వినలేదు. ఓబుళేసు ఆటోలో ఒక దిండు, ఒక చెంబు, ఆ తర్వాత మొగుణ్ణి సర్దింది. ఫోను నూర్ అహమ్మద్ది కాబట్టి ఆయన కూడా ఎక్కక తప్పలేదు. "అంతా కలిపి మూడు మాటలు చదివినాడు వీడు. దానికింత దూరం పోవాల్నా?" అని హనుమంతప్ప గొణిగాడు.

"రొమ్ము పట్టేస్తాందని నీకు తెలిసినప్పుడు నువ్వు చెప్పినావా? నోరు మూసుకుని కూర్చో" అంది ఆమె.

దారికి రెండు పక్కలా చెనిక్కాయ చేలు ఎండి, వాన కోసం నోరు తెరుచుకుని ఉన్నాయి. రాప్తాడు దాటేసరికి హనుమంతప్పకు నిజంగానే రొమ్ము పట్టింది. పైకి అనలేదు. కానీ ఆమె అతని ముఖం చూసి, నూర్ అహమ్మద్ పక్కనే ఉన్నాడని కూడా చూడకుండా అతని చెయ్యి పట్టుకుంది. పెళ్లయినప్పటి నుంచీ నలుగురి ముందు అలా పట్టుకున్నది లేదు. ఈ మనిషిని వదిలిపెట్టి పోవడం తనవల్ల కాదని హనుమంతప్పకు ఆ క్షణాన తెలిసింది, కళ్లలో నీళ్లు తిరిగాయి.

అనంతపురం ఆసుపత్రిలో డాక్టరు వీళ్లు ధర్మవరం నుంచి వచ్చిన సంగతి వినగానే తన ఫోను తీసి బల్ల మీద పెట్టాడు. అందులో హనుమంతప్ప గీసిన గుళ్ల వరస వరసగా నిలబడి ఉంది. "ఇది పంపించింది మీరేనా? ఇది ఈసీజీ కాదు, అసలుది అర్జెంటుగా పంపించండి అని రాసినా కదప్పా!"

ముగ్గురూ ఓబుళేసు వైపు చూశారు. ఓబుళేసు సీలింగు ఫ్యాను వైపు చూశాడు. నూర్ అహమ్మద్ ఫోను తిరగేసి, షావుకారు చోటులో ఉన్న గులాబీ కాగితాన్ని చూసి, "యా అల్లా!" అని నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు.

డాక్టరు ఆ ఫోటోను పెద్దది చేసి చూశాడు. "ఇది ఎవరికి పంపించినావు?"

"మా షావుకారికి సార్."

"ఆయనేమన్నాడు?"

"శానా బాగుండాదన్నాడు సార్. పట్టులో నేయమన్నాడు."

"బాగలేదు" అన్నాడు డాక్టరు. గీత మీద వేలు పెట్టాడు. "ఈ నడుమ చూడు, గీత ఎట్లా కిందికి జారిందో."

"షావుకారికి నచ్చింది కూడా సరిగ్గా ఆ చోటే సార్" అన్నాడు నూర్ అహమ్మద్, చిన్న గొంతుతో.

హనుమంతప్పను మంచం మీద పడుకోబెట్టి మళ్లీ వైర్లు తగిలించారు, సూది వేశారు, నోట్లో మాత్ర పెట్టారు. డాక్టరు బయటికి వచ్చేదాకా సుబ్బలక్ష్మమ్మ గోడవార నుంచి కదల్లేదు.

"గుండెకు రక్తం సరిగ్గా అందడంలే. మనిషి నిలబడినాడు, భయం లేదు. ఈడనే పెట్టుకుని చూస్తాం. రాకపోయింటే నేడో రేపో మగ్గంలోనే పడిపోయుండేవాడు" అన్నాడు డాక్టరు. కొంచెం ఆగి, తనలో తాను అనుకున్నట్టుగా అన్నాడు. "ఫోటో సరిగ్గా పంపించినోళ్లకు వెంటనే రమ్మని రాస్తాండా. ఒక్కరూ రావడంలే. మెసేజీ అర్థం కాకుండా వచ్చింది మీరొక్కరే."

"రాసింది అర్థమైతే కదా సామీ వచ్చేది" అంది సుబ్బలక్ష్మమ్మ. "మీది ఏ ఊరు?"

"చిలమత్తూరు."

"అయితే మనోడివే! తెలుగులో రాయొచ్చు కదా, నాయనా?"

డాక్టరు తలుపు వైపు ఒకసారి చూసుకున్నాడు. "ఫోన్లో తెలుగు కొట్టేది నాకు రాదమ్మా" అన్నాడు మెల్లగా.

"నాకూ రాదు సార్" అన్నాడు నూర్ అహమ్మద్. పొద్దున్నుంచీ ఆయన ముఖంలోకి మొదటిసారి కాస్త కళ వచ్చింది.

"అయితే నోటితో చెప్పు సామీ" అంది సుబ్బలక్ష్మమ్మ. "ఏం తినాల, ఏం తినగూడదు, ఎప్పుడు మింగాల. మీరు చెప్తే నేను మర్చిపోను. దీనికి ఫోనెందుకు, ఇంగ్లీషెందుకు?"

అది నిజమేనమ్మా అన్నట్టు డాక్టరు నిండుగా తల ఊపాడు, చీటీ ముందుకు లాక్కుని మందుల వివరాలన్నీ ఇంగ్లీషులో రాసిచ్చాడు.