గోడలో తిమింగలం

ఆ ఉదయం వేసుకున్న పథకం చాలా చిన్నది. టిఫిన్లు కాగానే తండ్రీ కూతుళ్లు కాలేజీకి వెళ్లాలి. అసలు చదువుకు తోడుగా అమ్మాయి తీసుకున్న సముద్రశాస్త్రం మైనర్ సబ్జెక్టును రద్దు చేయించి, ఆ చోట పన్నుల చట్టం రాయించాలి. మార్పులకు అదే ఆఖరి రోజు. అమ్మాయిని ఇంట్లో అందరూ చేపపిల్ల అంటారు. చేపలా కళ్లు తెరుచుకునే ఉండి కలలు కంటుందని నాయనమ్మ పెట్టిన పేరది.

"నాన్నా, ఓడరేవుల్లో, ఓడల బీమాలో, చేపల పెంపకం కంపెనీల్లో, తీరాన్ని కాపాడే సంస్థల్లో ఎన్ని ఉద్యోగాలున్నాయో తెలుసా? నా అసలు చదువు అకౌంట్సే కదా. లెక్కలూ సముద్రమూ రెండూ తెలిసినవాళ్లు దొరకరట!"

"దొరక్కపోవడం వేరు, ఎవరూ వెతక్కపోవడం వేరు," అన్నాడు తండ్రి, చొక్కా ఇస్త్రీ చేసుకుంటూ. "బస్సెక్కితే పగలంతా ప్రయాణం సముద్రానికి. దాంతో నీకేం ఉద్యోగమే? ఇంక చెవిన ఇల్లు కట్టుకుని పోరకు."

చేపపిల్ల గుండె నీరుగారిపోయింది. "సరే, ఒక్క గంట ఆగు. చివరి హోంవర్కు చేసుకునొస్తా," అంది.

నీటి అడుగున మైకు పెట్టి పట్టిన శబ్దాలు విని, ఏ కూత ఏ జీవిదో గుర్తించడం ఆ హోంవర్కు. సామాన్ల గది తలుపేసుకుని, కంప్యూటరుకున్న బుల్లి స్పీకరును స్టీలు బకెట్లోకి దింపింది. అలాగైతే లోతుగా వినిపిస్తుందట. ఆ బకెట్టును గోడ వెంట పోతున్న ఇనుప నీళ్ల పైపు మీద కుదురుగా ఆనించింది. బకెట్టు పైపు మీద పెడితే ఏమవుతుందో ఆ వయసులో ఎవరు ఆలోచిస్తారు?

ముందు బుడగలు. తర్వాత ఎక్కడో దూరాన ఒక తిమింగలం పిలుపు, దీర్ఘంగా, జోలపాటలా. గదిలో వెలుతురు నీలమైంది. మూలనున్న పాత పరుపులు ఇసుకమేటలయ్యాయి. చేపపిల్ల కాళ్లు నేలను వదిలేసి, జుట్టు పైకి తేలింది. ఇంత పెద్ద సముద్రాన్ని రేపట్నుంచి వదులుకోవాలా అనుకునేసరికి ఏడుపొచ్చింది.

ఇక్కడ ఈమె తేలుతుంటే అక్కడ బిల్డింగంతా ఆ కూతలో మునిగిపోతోంది. ఆ పైపు అన్ని అంతస్తులకూ పోతుంది మరి. కింది వాటాలో ఉండే అపార్ట్‌మెంటు సెక్రటరీగారు తలకు పట్టించిన సబ్బుతో సహా మెట్లెక్కి వచ్చారు.

"మా కుళాయి ఏడుస్తోందండీ!"

తండ్రి తనను తాను సగం ఇంజనీరనుకునే మనిషి. "గాలి పట్టి ఉంటుంది. మోటారు ఆపండి," అన్నాడు. మోటారు ఆపారు, ఏడుపు ఆగలేదు. ట్యాంకు ఖాళీ చేయించాడు. ఖాళీ పైపులో ఏడుపు ఇంకా గట్టిగా మోగింది. సబ్బు తలలన్నీ మెట్ల మీద చేరాయి. ప్లంబరు వచ్చి మెట్ల పక్క గోడకు చెవి ఆనించాడు.

"లోపల ఏదో ఉందండీ. పెద్దదే."

"పిల్లి ఏమో?"

"పిల్లి అయితే ఇంత ఓపిగ్గా అరవదండీ."

"అయ్యో, నోరులేని జీవం!" తండ్రి కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఇలా తే ఆ సుత్తి!"

టక్. టక్. టక్.

లోపల చేపపిల్ల ఉలిక్కిపడింది. సుత్తితో కొట్టినట్టు కూసే తిమింగలం జాతి ఒకటుందని క్లాసులో చెప్పారు. వెంటనే లెక్చరర్‌కు ఫోన్ చేసింది.

"మేడమ్! మీ రికార్డింగులో రెండో తిమింగలం ఉంది, సుత్తిలా కూసేది! దగ్గరికొస్తోంది!"

"అది ఆ నీళ్లలోకే రాదమ్మా! ఏదీ, ఫోను అక్కడ పెట్టు." కాసేపు విని ఆవిడ కేక పెట్టింది. "నిజమే! ఇన్నేళ్లుగా వింటున్నా, నా చెవిన పడనే లేదు! బంగారు తల్లీ!" అటువైపు డిపార్టుమెంటంతా ఫోను చుట్టూ మూగిన చప్పుడు వినిపించింది.

కొండను తవ్వి ఎలుకను పట్టారంటారు. వీళ్లు గోడను తవ్వి తిమింగలాన్ని పట్టారు. ఇటుకలు దబ్బున లోపల పడి, ఆ కంతలోంచి సున్నం కొట్టుకుపోయిన తండ్రి తల వచ్చింది.

"చేపపిల్లా?"

"నాన్నా... నువ్వా?"

"ఆగిపోయిందేమ్మా! ఎటు పోయింది?" అని ఫోను అరిచింది.

"మేడమ్," అంది చేపపిల్ల పీలగొంతుతో, "అది మా నాన్నగారండీ."

సెక్రటరీగారు నోరు తెరవబోయారు. అంతలో బకెట్లోంచి ఆ పిలుపు మళ్లీ లేచింది. అడ్డుగోడ లేకుండా, నిండుగా, నెమ్మదిగా మెట్ల మీదికి పారింది. తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది.

"ఇదేనా ఇందాకట్నుంచీ ఏడుస్తున్నది?" తండ్రి గుసగుసగా అడిగాడు.

"ఏడుపు కాదు నాన్నా. పిలుస్తోంది."

"ఎవర్ని?"

"ఇంకా ఎవరికీ తెలీదు."

"నీకు తెలుస్తుందా?"

"చదివితే."

తండ్రి ఆ కంతలోనే మోచేతులానించి కళ్లు మూసుకున్నాడు. మెట్ల మీద అందరి తలల్లోనూ సబ్బు ఆరిపోయింది. రికార్డింగు అయిపోయాక కూడా చాలాసేపు ఆయన అలాగే ఉన్నాడు. భార్య వచ్చి కాలేజీకి వేళవుతోందని గుర్తుచేసింది.

"పన్నులు ఎక్కడికీ పోవులే," అన్నాడు.

మర్నాడు కంత పూడ్చడానికి తాపీమేస్త్రీ వచ్చి సామాను దబ్బున కింద పడేశాడు. తండ్రి మూతి మీద వేలుంచుకుని పరిగెత్తుకొచ్చాడు.

"మెల్లగా బాబూ! లోపల మా అమ్మాయి డ్యూటీలో ఉంది."