కరెంటు బానే ఉందిగా అమ్మాయ్!

ప్రతి ఇంట్లోనూ పని మధ్యలో టప్పున ఆగిపోయే కంప్యూటర్ ఒకటి తప్పనిసరిగా ఉండాలి. లేనివాళ్లు ఇవాళే తెచ్చుకోండి. మీది చక్కగా పనిచేస్తోందంటారా? మీ మీద నాకు జాలి తప్ప మరేమీ లేదు!

నవ్వకండి. ఆగని కంప్యూటర్ మనిషిని ఒంటరివాణ్ని చేస్తుంది. తలుపేయించి, చెవుల్లో ఏదో దోపించి, ఇంట్లోవాళ్లు పిలిచినా పలక్కుండా గంటలకొద్దీ తన ముందే కూర్చోబెట్టుకుంటుంది. అదే ఆగిపోయే కంప్యూటర్‌ని చూడండి! అది ఆగీ ఆగగానే ఇల్లంతా ఆ గదిలోకి చేరుతుంది. ఒకరు మీట నొక్కుతారు, ఒకరు వైరు కదుపుతారు, ఒకరు డబ్బా వీపున అరచేత్తో చరుస్తారు. ఏమీ చేతకానివాళ్లు గుమ్మంలో నిలబడి "అయ్యయ్యో" అంటారు. నాకు జ్వరమొచ్చి మూసిన కన్ను తెరవకుండా పడుకున్నప్పుడు కూడా ఇంతమంది పోగవలేదు!

ఈ భాగ్యం మాకు మా కోడలి మూలంగా కలిగింది. ఇంకా కట్టని భవనాన్ని కట్టేసినట్టుగా కంప్యూటర్లో చూపించడం ఆ అమ్మాయి పని. గోడ మీద ఎండ పడుతుంది. గాజు తలుపులో చెట్టు నీడ ఊగుతుంది. ఒక ఆర్కిటెక్టు ఆఫీసువాళ్లు ఆమెకో పరీక్ష పెట్టారు. పిల్లల లైబ్రరీలోకి గుమ్మం దగ్గర్నుంచి పుస్తకాల అరల దాకా నడిచి వెళ్తున్నట్టు చిన్న సినిమా తయారుచేసి, సోమవారం పొద్దుటికల్లా ఇస్తే ఉద్యోగం. ఇవ్వకపోతే వెనకాల ఉన్నవాళ్లకి. ఇంట్లోనే కూర్చుని చేసుకునే ఉద్యోగం కాబట్టి మేమూ పెద్దమనసుతో ఒప్పుకున్నాం.

మామూలు పనులకి కంప్యూటర్ బుద్ధిగానే ఉండేది. బొమ్మకి ఎండా నీడా అద్దే ఘట్టం రాగానే, లోపల ఆ బొమ్మల పని చూసే గ్రాఫిక్స్ కార్డు ఫ్యాన్లు గుయ్యిమనేవి, మరుక్షణం తెర నల్లబడేది, డబ్బా చచ్చి ఊరుకునేది.

మొదటిసారి ఆగినప్పుడే కోడలు నా దగ్గరికొచ్చింది. "మామయ్యగారూ, పవర్ చాలట్లేదు. పవర్ సప్లై మార్చాలి."

నేను తలెత్తి చూశాను. ఫ్యాను తిరుగుతోంది. లైటు వెలుగుతోంది. వంటింట్లో ఫ్రిజ్ మూలుగుతోంది. "కరెంటు బానే ఉందిగా అమ్మాయ్!" అన్నాను.

"ఆ కరెంటు కాదండీ, లోపల డబ్బా ఒకటి..."

"సప్లై సంగతి నేను చూసుకుంటాగా! నువ్వు కంగారు పడకు."

మాటిచ్చాక ఊరుకుంటానా? ఎలక్ట్రీషియన్ని పిలిపించాను. అతను ప్లగ్గులో టెస్టర్ గుచ్చి, అందులో చిన్న దీపం వెలగడం చూసి, "సప్లైకేం సార్, గుర్రంలా ఉంది," అన్నాడు. పిలిచిన మర్యాద కోసం స్విచ్ బోర్డు మార్చి వెళ్లాడు. నేను వెళ్లి స్టెబిలైజర్ తెచ్చాను. అది కంప్యూటర్ పక్కన కాపలా కుక్కలా కూర్చుని గుర్రుమనసాగింది. గోడ దాకా కరెంటు ఇంత పకడ్బందీగా వచ్చే ఇల్లు మా వీధిలో మరొకటి లేదని గర్వంగా చెప్పగలను. కంప్యూటర్ మాత్రం ఎండా నీడా అనగానే టప్పున ఆగేది.

దీనివల్ల ఎన్ని మేళ్లు జరిగాయో! కోడలికి ఓర్పు పెరిగింది. రెండు గీతలు గీస్తే ఒకసారి సేవ్ చేసుకునే క్రమశిక్షణ వచ్చింది. మా ఆవిడ డబ్బా మూత ఊడదీయించి, "దీనికి ఉక్కపోస్తోందేమో పాపం," అంటూ టేబుల్ ఫ్యాను దాని మొహాన పెట్టింది. మనుషులం చెమటలు కక్కుకుంటూ చుట్టూ నిలబడ్డాం. ఇంత దయాగుణం ఏ బడిలో నేర్పుతారు చెప్పండి?

అప్పుడు దిగాడు మా బావమరిది. ఇంట్లో ఏది పాడైనా వాసన పసిగట్టినట్టు వస్తాడు. చుట్టాలందరూ అతన్ని ఇంజనీరు అంటారు. నిజానికి ఇంజనీర్లున్న ఆఫీసులో సెలవులు మంజూరు చేసే పని. డబ్బాలోకి తొంగి చూసి పెదవి విరిచాడు.

"కార్డు నీరసంగా ఉంది బావా. పెద్దది వేయించు, రోగం కుదురుతుంది."

"కార్డు బాగానే ఉంది బాబాయిగారూ. దానికి అందే పవరే..."

"అమ్మాయ్, నువ్వు బొమ్మల సంగతి చూసుకో. మిషన్ల సంగతి మాకొదిలెయ్."

మా అబ్బాయి ఆ సాయంత్రమే పెద్ద కార్డు పట్టుకొచ్చి బిగించాడు. మూడు ఫ్యాన్లు, ఒళ్లంతా రంగుల దీపాలు! పాత కార్డు కనీసం లైబ్రరీలోకి ఎండ పడేదాకా ఓపిక పట్టేది. కొత్తది గుమ్మం తలుపు తెరిచేలోపే పడిపోయింది. గిన్నెలో అన్నం ఒక్కడికే చాలదంటే, విస్తరి ముందు బక్కవాణ్ని లేపి పహిల్వాన్ని కూర్చోబెట్టినట్టయింది. అయితేనేం? చచ్చే ముందు ఆ రంగులన్నీ ఒక్కసారి భగ్గున వెలిగేవి. కళ్లున్నందుకు చూసి తీరాల్సిన వైభవం!

శనివారానికి కోడలు మాకు చెప్పడం మానేసింది. ఆదివారం పొద్దున పెన్‌డ్రైవ్ బ్యాగులో వేసుకుని చెప్పులు తొడుక్కుంది. ఆ ఆఫీసువాళ్లనే అడిగిందట, వచ్చి తమ మిషన్ మీద చేసుకోమన్నారట.

"ఆదివారం పూట కూడానా?" అంది మా ఆవిడ.

"సోమవారం మన కోసం ఆగదు కదత్తయ్యా," అని వెళ్లిపోయింది.

అలాగని మేం చేతులు ముడుచుకు కూర్చున్నామనుకోకండి. మా అబ్బాయి కార్డు అమ్మిన షాపువాడికి ఫోన్ కొట్టి స్పీకర్లో పెట్టాడు. షాపువాడు మొత్తం విననైనా విన్లేదు. "మీ ఎస్సెంపీయెస్ చాలట్లేదు సార్. పెద్దది వేసుకోండి," అన్నాడు.

ఎస్సెంపీయెస్! ఎంత గంభీరమైన పేరు! గదిలో గాలి కూడా లేచి నిలబడినట్టయింది. మా బావమరిది నెమ్మదిగా తలాడించి, "నాకు మొదట్నుంచీ దాని మీదే అనుమానం," అన్నాడు.

"అంటే ఏంట్రా?" అని మా ఆవిడ అబ్బాయిని అడిగింది. వాడు అదే ప్రశ్న ఫోన్లోకి తోశాడు.

"అదే సార్, పవర్ సప్లై. కంప్యూటర్ లోపల అడుగున డబ్బాలా ఉంటుంది చూడండి. గోడలోంచొచ్చే కరెంటుని కార్డుకీ మిగతావాటికీ పంచిపెట్టేది అదే."

అందరి చూపులూ గుర్రుమంటున్న స్టెబిలైజర్ మీదికి మళ్లాయి.

మా బావమరిదే ముందు తేరుకున్నాడు. "చూశావా బావా! మనిషి రాకుండా, మిషన్ చూడకుండా, ఫోన్లోనే పట్టేశాడు. అనుభవమంటే అదీ!"

పాత డబ్బా బయటికి తీశాం. అరచేతిలో ఖాళీ అగ్గిపెట్టెలా తేలిపోయింది. స్టిక్కర్ మీద మాత్రం వాట్లు కొండంత అక్షరాల్లో ఉన్నాయి. అందులో సగం కూడా రావని కొత్తది తెచ్చిచ్చిన షాపువాడు తేల్చేశాడు. నాకు దాని మీద కోపం రాలేదు. మనుషుల్లో లేరా అలాంటివాళ్లు? ఈ వాక్యం మా బావమరిది కేసి చూడకుండా రాశానని మనవి.

కొత్త డబ్బా ఇటుకంత బరువుంది. బిగించాక కంప్యూటర్ ఆగితే ఒట్టు. పెద్ద కార్డు రంగులు వెదజల్లుతూ మధ్యాహ్నమంతా నిక్షేపంగా నడిచింది.

చీకటిపడ్డాక కోడలు ఇంటికొచ్చింది. మొహం వాడిపోయింది గానీ కళ్లు మెరుస్తున్నాయి. సినిమా పూర్తయింది, చూసినవాళ్లకి నచ్చింది, ఉద్యోగం వచ్చింది. ఇంట్లో కూర్చుని కాదు, రోజూ ఆఫీసుకే వచ్చి చేస్తానని తనే అడిగి ఒప్పించుకుందట!

"అదేంటమ్మా? ఇక్కడ బాగైపోతే!" అంది మా ఆవిడ.

మా బావమరిది కోడల్ని కంప్యూటర్ ముందు కూర్చోబెట్టాడు. ఎస్సెంపీయెస్ అంటే ఏమిటో, కార్డుకి కరెంటు ఎలా అందుతుందో, చాలకపోతే మిషన్ ఎందుకు చస్తుందో ఓపిగ్గా, వేళ్లు తిప్పుతూ, మధ్యలో మంచినీళ్లు తాగి మరీ వివరించాడు. ఆ అమ్మాయి మొత్తం వింది.

చివరికి నిట్టూర్చి అన్నాడు: "ఈ ముక్క మొదటిరోజే నువ్వు చెప్పుంటే ఇంత అవస్థ ఉండేది కాదు కదమ్మాయ్! నీకూ ఇల్లు కదలాల్సిన పని ఉండేది కాదు."

కోడలు అతన్ని చూసింది. తర్వాత నన్ను చూసింది.

"చెప్పాను బాబాయిగారూ," అంది. "షాపువాడి గొంతుతో చెప్పలేదు. అంతే."

పాఠకులారా, ఆ షాపువాడి గొంతు నేనూ విన్నాను. జలుబు చేసి, సగం ముక్కులోంచి వస్తోంది. పైగా వెనకాల ఎవరో డ్రిల్లింగ్ చేస్తున్నారు. అయినా ఒక్క అక్షరం పొల్లుపోకుండా మా అందరికీ స్పష్టంగా వినబడింది!