ఎలుక వంశం సారుబావ

ఆ రోజు ఉదయం డాక్టర్ వరహాలరావు వేసుకున్న ప్రణాళిక చిన్నదే. పెందలాడే తలస్నానం చెయ్యాలి. వరండా శుభ్రం చేయించాలి. ఇనుపఖనిజం గూడ్సు వెళ్ళిపోయాక ఎలుకని యంత్రంలో పడుకోబెట్టి, ఢిల్లీ నుంచి వస్తున్న కమిటీకి దాని మెదడు బొమ్మలు చూపించాలి. కమిటీ భోజనం చేసి కొండ దిగిపోయాక ఆ ఎలుకని చంపాలి. చివరి పని గురించి అతను ఎక్కువ ఆలోచించదలచుకోలేదు.

అరకు కొండ మీద విశ్వవిద్యాలయం పెట్టిన మెదడు చిత్రాల పరిశోధన కేంద్రానికి అతను డిప్యూటీ హెడ్డు. మందులు మనుషులకి ఇచ్చేముందు జంతువుల మీద చూస్తారు గదా, అక్కడ జరిగేది ఆ పని. పక్షవాతం వచ్చిన ఎలుకకి మత్తిచ్చి, పెద్ద అయస్కాంతం ఉన్న స్కానింగు యంత్రంలో పెట్టి, దాని మెదడు ఎలా కోలుకుంటోందో బొమ్మలు తీసేవారు. చల్లగా ఉంచవలసిన యంత్రాన్ని చల్లని ఊళ్ళో పెడితే కరెంటు కలిసొస్తుందని అప్పటి వైస్ ఛాన్సలర్ గారికి తోచింది. పక్కనే రైలు కట్ట ఉందనీ, ఇనుము మోసే గూడ్సు పోతున్నంతసేపూ బొమ్మలన్నీ చెదిరిపోతాయనీ యంత్రం బిగించాక తెలిసింది.

హెడ్డు భాస్కరరావు గారు విశాఖపట్నంలో కూచుని సంతకాలు పెట్టేవారు. మిగతా నాయకత్వమంతా వరహాలరావుదే. నాయకత్వం వహించడానికి అతనికి వాచ్‌మన్ సోంబరు, వంట చేసి ఎలుకల బోనులు కడిగే సోంబరు భార్య కనక, బోనుల్లో ఎలుకలు ఉండేవి. విద్యార్థులు ఉత్సాహంగా వచ్చేవారు, జలుబు చెయ్యగానే దిగిపోయేవారు. వరహాలరావుకి పెళ్ళి కాలేదు. సాయంత్రం ఆరైతే సోంబరు దంపతులు ఊళ్ళోకి పోయేవారు. ఆ తర్వాత యంత్రాన్ని చల్లబరిచే పంపు చేసే చప్పుడు ఒక్కటే అతనికి తోడు.

ఎలుకలకి పేర్లు పెట్టకూడదని నియమం. పెడితే చంపేటప్పుడు చెయ్యి ఆడదు. వరహాలరావు నియమం తప్పలేదు, కమిటీకి చూపించవలసిన ఈ ఎలుకని పదిహేడో నంబరు అనే పిలిచాడు. కాకపోతే సాయంత్రం పూట దాన్ని భుజం మీద ఎక్కించుకుని, వేరుశనగ గింజ చేతికిచ్చి, నిన్నటి పేపరు చదివి వినిపించేవాడు. పరిశోధన ముగిశాక మెదడు కోసి బొమ్మలతో పోల్చి చూడాలి. ఆ పనికి ఇంతవరకూ ఎలుకలని పెట్టెలో పెట్టి విశాఖపట్నం పంపేసేవాడు. ఈసారి కమిటీ వస్తోంది కాబట్టి అక్కడే కానిచ్చెయ్యమని హెడ్డు గారు ఫోనులో చెప్పారు.

ఇక్కడ ఒక పాత సంగతి చెప్పాలి. ఆ కొండల్లో మనిషి పరిచయం కాగానే వంశం అడుగుతారు. పులి వంశం, నాగు వంశం, చేప వంశం, ఇలా. అది తెలిస్తేగాని ఎవరిని బావ అనాలో, ఎవరిని అన్న అనాలో తేలదు. తమ వంశపు జీవాన్ని చంపరు. అది చచ్చిపోతే ఇంట్లో మనిషి పోయినట్టే. తలస్నానం చేసి, పాత కుండ బయట పడేసి, ఆ రాత్రి పొయ్యి వెలిగించరు. చుట్టాలు వచ్చి పలకరిస్తారు. ఒకసారి సంతలో సోంబరు తల్లి సోని అతని వంశం అడిగింది. చెప్పుకోవడానికి ఏమీ లేక, పొద్దస్తమానం ఎలుకలతోనే గదా అని, నవ్వుతూ ఎలుక వంశం అన్నాడు.

ఎవరూ నవ్వలేదు. సోని కాసేపు ఆలోచించి, తమ పులి వంశానికీ ఎలుక వంశానికీ పొత్తు కుదురుతుందని తేల్చింది. ఆ రోజు నుంచి సోంబరుకి అతను సారుబావ. కనకకి అన్న. ఎలుక వంశం వాడు కొండ మీద కూచుని తన వాళ్ళకి పక్షవాతం వైద్యం చేస్తున్నాడనీ, నయమైన వాళ్ళని రైలెక్కించి ఇళ్ళకి పంపుతున్నాడనీ ఊరంతా అనుకుంది. వరహాలరావు సరిదిద్దాలనుకున్నాడు. కానీ అతన్ని బావా అని పిలిచే వాళ్ళు ప్రపంచంలో ఇంకెక్కడా లేరు. అందుకని ఊరుకున్నాడు.

కమిటీ వచ్చే ముందు రోజు అతను కనకతో, పదిహేడో నంబరుకి రేపటితో నూకలు చెల్లాయనీ, రేపు రాత్రి తనకి వంట వద్దనీ చెప్పాడు. తెల్లవారి తలస్నానం చేసి, తడి జుట్టుతో వరండాలో నిలబడ్డాడు. మూల ఉన్న చిల్లు కుండ కమిటీ కంట పడితే బాగుండదని తనే తీసుకెళ్ళి గేటు బయట పెట్టాడు. గేటు దగ్గరున్న సోంబరు ఆ కుండని చూశాడు, సారుబావ తడి జుట్టు చూశాడు, రాత్రి భార్య చెప్పిన మాట తలుచుకున్నాడు. తలగుడ్డ తీసి చేత్తో పట్టుకుని, సైకిలెక్కి ఊళ్ళోకి పోయాడు.

కమిటీ జీపు వచ్చేసరికి గేటు దగ్గర ఎవరూ లేరు. వెంట వచ్చిన హెడ్డు గారే దిగి గేటు తీసుకోవలసి వచ్చింది. కమిటీకి పెద్ద సీతామహాలక్ష్మి గారు ఢిల్లీలో స్థిరపడిన తెలుగావిడ, తక్కువ మాట్లాడేవారు. యంత్రాన్ని విశాఖపట్నం దింపించాలని హెడ్డు గారి కోరిక. జీపులో దారి పొడుగునా ఆ మాటే చెప్పారు.

పదిహేడో నంబరు మత్తులో యంత్రంలోకి వెళ్ళింది. బొమ్మలు చక్కగా వస్తున్నాయి. ఇంతలో దూరం నుంచి డప్పు వినిపించింది. హెడ్డు గారు కిటికీలోంచి చూశారు. కొండ బాట వెంట ఊరు ఊరంతా వరసగా వస్తోంది. మగవాళ్ళందరి భుజాల మీదా గొడ్డళ్ళు ఉన్నాయి. ఆ కొండల్లో మగవాడు గొడ్డలి లేకుండా ఇల్లు కదలడు, విశాఖపట్నంలో పెద్దమనుషులు జేబులో పెన్ను లేకుండా కదలనట్టే. ఇది హెడ్డు గారికి తెలియదు. భూమి కోసం ఆందోళనకి వస్తున్నారని నిర్ధారించుకుని, కమిటీని లోపలే ఉంచి తలుపు గడియ పెట్టారు.

వరహాలరావుకి మనుషులంటే భయం లేదు గాని, గొడ్డళ్ళంటే ఉంది. ఆ గదిలోకి గొడ్డలి వస్తే చేతిలోంచి లేచి వెళ్ళి అయస్కాంతానికి అతుక్కుంటుంది, మధ్యలో ఎవరున్నా సరే. వెనక తలుపులోంచి పరిగెత్తి, ఇనుము ఏదీ గేటు దాటి తేవద్దని బతిమాలాడు. ఎలుక వంశం వాళ్ళ చావింట అది ఆచారం కాబోలనుకుని, అందరూ ఒక్క మాట అడగకుండా గొడ్డళ్ళు కుప్ప పోశారు.

కిటికీలోంచి ఆ కుప్ప చూసి, చర్చలు మొదలయ్యాయని హెడ్డు గారికి ధైర్యం వచ్చింది. "మీ డిమాండ్లన్నీ పరిశీలిస్తాం, శాంతించండి" అని అరిచారు. పాపం ఆ ముసలాయన కూడా ఎలుక వంశమేననీ, దుఃఖంలో మతి చెదిరిందనీ బయటివాళ్ళు అనుకున్నారు. ఆడవాళ్ళు శోకం పెంచారు. శోకం పెరిగేకొద్దీ హెడ్డు గారు డిమాండ్లు ఒప్పుకుంటూ పోయారు. రోడ్డు, బోరు, హైస్కూలు అన్నీ ఒప్పుకున్నారు.

సోని వరండా ఎక్కి వరహాలరావు రెండు చేతులూ పట్టుకుంది. వెంట తెచ్చిన చోడిపిండి, అంటే రాగిపిండి, మూట అతని పక్కన పెట్టింది. ఎలుక బతికే ఉందనీ, తను ఆ రోజు సంతలో వేళాకోళమాడాననీ చెప్పేద్దామని అతను నోరు తెరిచాడు.

"ఏడువు అల్లుడా" అంది సోని. "ఒక్కడివీ ఎలాగ ఏడుత్తావని మేమందరం బేగి ఒచ్చినాం."

తన చేతులు ఒకరు పట్టుకుని ఎన్నాళ్ళయిందో వరహాలరావుకి గుర్తు రాలేదు. తర్వాత నిజంగానే ఏడిచాడు. చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడిచాడు. ఎలుక కోసం ఎంత, తన కోసం ఎంత అని విడదీసి చెప్పడం అతనికీ సాధ్యమయ్యేది కాదు.

లోపల హెడ్డు గారు, ఆందోళనకారులు యంత్రాన్ని పాడుచెయ్యకుండా ముందుజాగ్రత్తగా గోడ మీది స్విచ్చులన్నీ ఆపేశారు. వాటిలో మత్తు పంపే స్విచ్చు కూడా ఉంది. పదిహేడో నంబరుకి మెలకువ వచ్చింది. యంత్రంలోంచి దిగి, బల్ల మీంచి జారి, తూలుతూ సీతామహాలక్ష్మి గారి కాళ్ళ దగ్గరికి వచ్చింది. ఆవిడ ఎలుకనీ హెడ్డు గారినీ మార్చి మార్చి చూసి, తనే గడియ తీశారు. ఎలుక వరండాలోకి వచ్చి, అలవాటైన దారిలో వరహాలరావు పంట్లాం పట్టుకుని పాకి భుజం మీద కూచుంది.

డప్పు ఆగింది.

"ఏటి సారుబావా ఇది?" అన్నాడు సోంబరు.

వరహాలరావు కళ్ళు తుడుచుకుని ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. తను చెప్పింది వేళాకోళమనీ, ఎలుక ఇంకా చావలేదనీ, భోజనాలయ్యాక తనే చంపాలనీ, అది ఉద్యోగమనీ చెప్పాడు. ఎవరూ కోప్పడలేదు. కాని సోని మాత్రం లెక్కలో తేడా వచ్చినట్టు మొహం పెట్టింది.

"మేం ఏడిసేసినాం. ఒకరికి రెండుసార్లు ఏడవడం మాకు లేదు. ఇంక దాన్ని సంపకండి" అంది.

హెడ్డు గారు నియమాల గురించి ఏదో మొదలుపెట్టారు. సీతామహాలక్ష్మి గారు చెయ్యెత్తి ఆపారు. ఆవిడ నిర్ణయం అక్కడే చెప్పారు. రైలు కట్ట పక్కన, గొడ్డళ్ళ మధ్య అయస్కాంతం ఉండరాదు, దాన్ని విశాఖపట్నం దింపాలి. ఒకసారి శోకం పెట్టిన ప్రాణిని చంపరాదు. కోలుకున్న మెదడు ఎన్నాళ్ళు బతుకుతుందో చూడడమూ పరిశోధనే కాబట్టి దాన్ని కొండ మీదే సహజంగా పోయేదాకా పెంచాలి. అందుకు ఒక బాధ్యుడు ఉండాలి.

అలా వరహాలరావుకి ప్రమోషను వచ్చింది. అరకు కేంద్రానికి అతను పూర్తి హెడ్డు. కేంద్రంలో ఒక ఖాళీ గది, ఒక ఎలుక మిగిలాయి. యంత్రం దిగిపోయాక పంపు చప్పుడూ పోయింది. మొదట్లో ఆ నిశ్శబ్దానికి అతనికి నిద్ర పట్టేది కాదు. జీపులు రావడం మానేశాయి. కాఫీ పళ్ళు కోతకొచ్చి ఊరివాళ్ళకీ తీరిక లేకపోయింది. ఎలుక పోయిన నాడు మళ్ళీ వాళ్ళంతా వస్తారు గదా అని మాత్రం అతను లోపల్లోపల అనుకునేవాడు. అలా అనుకున్నందుకు పదిహేడో నంబరుకి ఒక గింజ ఎక్కువ పెట్టేవాడు.

వానలు వెలిసిన ఒక ఉదయం పదిహేడో నంబరు నిద్రలోనే పోయింది. వరహాలరావు తలస్నానం చేశాడు. పాత కుండ లేకపోతే కొత్త కుండనే గేటు బయట పెట్టాడు. పొయ్యి వెలిగించలేదు. వరండా అంతా చాపలు పరిచి, కొండ బాట వైపు చూస్తూ కూచున్నాడు. గూడ్సు వచ్చింది, వెళ్ళింది. ఇప్పుడు అది చెదరగొట్టడానికి బొమ్మలేవీ లేవు. మధ్యాహ్నం ఎండ చాపల మీదికి వచ్చి, మళ్ళీ దిగిపోయింది. ఎవరూ రాలేదు.

పొద్దు వాలాక కనక ఒక్కతే వచ్చింది. సంగతి తెలియలేదేమోనని అతను మెల్లగా చెప్పాడు.

"పొద్దున్నే తెలిసింది. కుండ సూసి ఆయన సెప్పినాడు" అంది కనక, చాపలు చుడుతూ.

"మరి ఎవరూ రాలేదేం?"

"ఆ రోజే ఏడిసేసినాం గదన్నా."

చాపలు మూల నిలబెట్టి, తను తెచ్చిన గంజి అతనికి ఇంత పోసి పెట్టి, వెళ్తూ వెళ్తూ కనక గేటు బయటి కుండని వేలితో మీటి చూసి, చిల్లు లేదని తేల్చుకుని ఇంటికి పట్టుకుపోయింది.